నాలుగో బస్తా

ఆదివారం అబిడ్స్ వేరుగా ఉంటుంది. వారమంతా బట్టలు, చెప్పులు, వాచీలు అమ్మే దుకాణాల షట్టర్లు దిగిపోయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. ఇంజనీరింగ్ గైడ్లు, డిటెక్టివ్ నవలలు, ఎవరింట్లోనో పెద్దాయన పోయాక అటక మీంచి దిగిన తెలుగు పుస్తకాలు. నా దగ్గరున్న పాత 'వ్యవసాయ పంచాంగం' అలా దొరికిందే. వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా వేసే పుస్తకం అది. ఏ పంటకు ఎప్పుడు దుక్కి దున్నాలి, ఎంత విత్తనం పట్టాలి, ఎంత ఎరువు వెయ్యాలి అన్నీ ఉంటాయి.

చేతిలోకి తీసుకోగానే వరి పేజీ దగ్గర దానంతటదే తెరుచుకుంది. ఎవరో రైతు ఎన్నోసార్లు తిరగేసిన పేజీ. ఎరువుల సిఫార్సు పక్కన ఖాళీలో పెన్సిల్‌తో 'యూరియా 2' అని రాసుకున్నాడు. తర్వాత ఎప్పుడో దాన్ని కొట్టేసి 3 వేశాడు. దాన్నీ కొట్టేసి 4 వేశాడు. మూడు అంకెల మధ్య ఎన్ని పంటలు గడిచాయో తెలీదు. అచ్చులో ఉన్న అంకె మాత్రం మారలేదు.

ఆ నాలుగో బస్తా ఎవరిది? చల్లింది ఆ రైతు చెయ్యే. ఆ చేతి వెనక నా చెయ్యీ మీ చెయ్యీ కూడా ఉన్నాయని నాకు గట్టిగా అనిపిస్తుంది. అది చెప్పడానికే ఈ రాత.

ముందు లెక్క చూద్దాం. యూరియాలో నత్రజని 46 శాతం. ఆ పెన్సిల్ రోజుల్లో బస్తా 50 కిలోలు; 2018 నుంచి 45 కిలోలు. అంటే ఇప్పటి బస్తాలో దగ్గర దగ్గర 21 కిలోల నత్రజని ఉంటుంది. వానాకాలం వరికి ఎకరానికి సిఫార్సు, నేలను బట్టీ రకాన్ని బట్టీ, 40 నుంచి 48 కిలోల చుట్టూ తిరుగుతుంది. నాటేటప్పుడు ఒక బస్తా డీఏపీ వేస్తే అందులోనే తొమ్మిది కిలోల నత్రజని వచ్చేస్తుంది. ఇక రెండు బస్తాల యూరియా, అదీ మూడు దఫాలుగా వేస్తే సరిపోతుంది. నాలుగంటే అవసరానికి రెట్టింపు. పైగా వేసినదంతా పైరు నోటికి అందదు. నీళ్ళు నిలిచిన మడిలో వరి తీసుకునేది వేసినదాంట్లో మూడో వంతో, ఇంకాస్త ఎక్కువో. మిగిలింది కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. కొంత నైట్రేటుగా మారి నేలలోకి దిగుతుంది. కొంత వానకు కట్ట తెగిన నీళ్ళతో పాటు కాలువలో పడి కిందికి పోతుంది.

మా చిన్నాయనకు సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టు కాలువ కింద మూడెకరాల మడి ఉంది. పంచాంగం కొన్నాక ఊరికి వెళ్ళినప్పుడు ఆయన్నే అడిగాను, "చిన్నాయనా, ఎకరానికి రెండు బస్తాలు సాలంటున్నరు గదా, నాలుగెందుకే?" అని. ఆయన గట్టు మీద కూర్చుని పక్క చేను చూపించాడు.

"జూడు బిడ్డా, వాని చేను ఎట్ల నల్లగున్నదో. నాది ఎర్రగున్నదనుకో, తొవ్వల పొయ్యేటోడల్ల ఆగి అడుగుతడు, ఏమయ్యా పైసల్లేవా అని. ఎవుసం జేసేటోనికి చేను నలుపే ఇజ్జతు."

ముదురాకుపచ్చను మన రైతులు నలుపు అంటారు. ఆ నలుపు చూసి ఊరు మెచ్చుకుంటుంది, అప్పిచ్చేవాడు నమ్ముతాడు, కొడుకును చూడవచ్చిన పిల్లతండ్రి కూడా తృప్తిపడతాడు. చిన్నాయన వ్యవసాయం తెలియనివాడు కాదు, అత్యాశపరుడూ కాదు. ఊరి కళ్ళ ముందు తలెత్తుకుని బతకాలనుకునే మనిషి. ఈ మాట విన్నాక 'రైతులకు అవగాహన లేదు' అని సభల్లో పలికేవాళ్ళ మీద నాకు కోపం వస్తోంది. అవగాహన ఉంది. భయం కూడా ఉంది. కరపత్రంతో ఆ భయం పోదు.

కానీ ఆ నలుపు పైరుకు మేలు చేయదు. నత్రజని ఎక్కువైన వరి పిలకలు పెడుతూనే ఉంటుంది, పూత ఆలస్యమవుతుంది, ఆకు మెత్తబడుతుంది. కణాల గోడలు పలచబడి ఆకు రసంలో అమైనో ఆమ్లాలు పేరుకుంటాయి. సుడిదోమ కోరుకునేది సరిగ్గా ఆ రసాన్నే. అగ్గి తెగులు బూజు సులువుగా చొరబడేది ఆ మెత్తటి ఆకులోకే. నాలుగో బస్తా వేసిన రైతే నెల తిరక్కుండా దోమ మందు డబ్బా కోసం మళ్ళీ అదే దుకాణం మెట్లెక్కుతాడు, అదీ ఉద్దెరకు. కంకి బరువెక్కేసరికి కాడ నిలవలేదు. ఒక్క గాలివాన వస్తే చేనంతా చాప పరిచినట్టు పడిపోతుంది. పడ్డ చేను కోత మిషన్‌కు సరిగా అందదు, అందిన ధాన్యంలో తాలు ఎక్కువ.

భాస్వరం కథ ఇంకో రకం. అది నీళ్ళలో అంత తేలిగ్గా కొట్టుకుపోదు, మట్టిని పట్టుకుని ఉంటుంది. ఏటా డీఏపీ వేసిన నేలల్లో అది పేరుకుపోయి జింకును పైరుకు అందనివ్వదు. ఆకుల మీద తుప్పు మచ్చలు వస్తాయి. రైతు వాటిని చూసి పైరుకు బలం చాలలేదనుకుంటాడు, ఇంకో బస్తా తెస్తాడు. ఉన్నదాని వల్ల వచ్చిన జబ్బుకు మళ్ళీ అదే మందు పడుతుంది.

పొలం చూడనివాళ్ళకు కుండీ చూపిస్తాను. నాంపల్లిలో మా పక్కింటి పెద్దమ్మ డాబా మీద ఇరవై కుండీలు పెంచుతుంది. తులసి వాడిపోతోందని ఎవరో చెబితే గుప్పెడు యూరియా మొదట్లో పోసింది. రెండు రోజులకు ఆకుల అంచులు మాడాయి, వారానికి చెట్టే ఎండిపోయింది. ఆవిడ ఆ కుండీ ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. జరిగిందేమిటో ఆవకాయ పెట్టే ఏ ఇల్లాలికైనా తెలిసిందే. ఉప్పు పట్టిస్తే మామిడి ముక్కలోంచి నీరు ఊరి బయటికి వస్తుంది. ఎరువు కూడా ఉప్పులాగే పనిచేస్తుంది. వేరు చుట్టూ ఉప్పు ఎక్కువైతే వేరు నీళ్ళు పీల్చుకోలేదు, తన నీళ్ళే మట్టికి వదిలేస్తుంది. తడి మట్టిలో నిలబడి మొక్క దాహంతో చస్తుంది. మన కుండీల అంచుల్లో తెల్లగా పేరుకునే పొర, మొక్క తిననిదాన్ని మనం పోస్తున్నామనడానికి ఆనవాలు. ఆ కుండీ కింది చిల్లులోంచి కారిన నీళ్ళు డాబా గొట్టంలోంచి వీధి మోరీలో పడతాయి, అక్కడి నుంచి ఎక్కడికి పోతాయో ఎవరూ ఆలోచించరు.

ఎక్కడికి పోతాయో నేను చెబుతాను. అసలు బాధ అక్కడే ఉంది.

నైట్రేటుకు రంగు లేదు, వాసన లేదు. తాగే నీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశపు ప్రమాణం. కేంద్ర భూగర్భజల మండలి 2024 నివేదిక ప్రకారం దేశంలో పరీక్షించిన నమూనాల్లో దాదాపు ఐదో వంతు ఆ హద్దు దాటాయి. తెలంగాణలో నాలుగో వంతుకు పైగా దాటాయి. ఎరువులతో పాటు మరుగుదొడ్ల గుంతలు, పశువుల పేడకుప్పలు కూడా ఇందుకు కారణమే, కాబట్టి మొత్తం నేరం యూరియా మీద మోపను. కానీ బోరు నీళ్ళతో పాలపొడి కలిపి పసిబిడ్డకు పట్టే తల్లికి ఆ తేడా ఏం అక్కరకొస్తుంది? నైట్రేటు కడుపులో నైట్రైటుగా మారి నెత్తుటిలో ప్రాణవాయువును మోసే శక్తిని దెబ్బతీస్తుంది. ఆరు నెలల లోపు పిల్లలు నీలంగా మారతారు. 1945లో అమెరికాలో అయోవా రాష్ట్రపు వైద్యుడు హంటర్ కామ్లీ ఈ జబ్బుకూ బావి నీళ్ళకూ ఉన్న లంకెను మొదటిసారి రాశాడు.

ఇందులో నన్ను ఎక్కువ కలచివేసేది ఒక చిన్న విషయం. మన అమ్మలు పిల్లలకు నీళ్ళు కాచి చల్లార్చి పడతారు. క్రిములు చస్తాయి, నిజమే. నైట్రేటు మాత్రం కాచితే పోదు. నీరు ఆవిరైన కొద్దీ గిన్నెలో మిగిలిన నీటిలో అది ఇంకా చిక్కబడుతుంది. తల్లి తీసుకున్న జాగ్రత్తే బిడ్డకు ఎదురు తిరిగే పరిస్థితి మనం తెచ్చిపెట్టాం.

ఇక చెరువులు. పొలంలో పైరుకు ఏది బలమో, చెరువులో నాచుకూ అదే బలం. 1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ బృందం ఒక చిన్న సరస్సును మధ్యలో ప్లాస్టిక్ తెర కట్టి రెండు చేసింది. రెండు వైపులా కర్బనం, నత్రజని కలిపారు, భాస్వరం ఒక్క వైపే కలిపారు. కొద్ది వారాల్లో భాస్వరం పడిన సగం పచ్చటి రంగు పోసినట్టు మారింది, రెండో సగం తేటగా ఉండిపోయింది. ఆకాశం నుంచి తీసిన ఆ ఫొటో చూస్తే ఇంకో వాదన అక్కర్లేదు. మన చెరువుల్లో నాచు దట్టంగా కమ్ముకున్నాక ఏమవుతుందో జాలరులను అడగండి. పగలంతా నాచు ప్రాణవాయువు వదులుతుంది. రాత్రంతా తనే పీల్చుకుంటుంది. అడుగున చచ్చి కుళ్ళే నాచు మిగిలినదాన్ని తినేస్తుంది. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువ. చేపలు నీటి పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని గాలి కోసం కొట్టుకునేది ఆ వేళలోనే. పొద్దెక్కేసరికి వెల్లకిలా తేలతాయి. పేపర్లో మరునాడు 'చెరువులో చేపల మృత్యువాత' అని చిన్న వార్త వస్తుంది. విషం కలిపారేమోనని పోలీసులకు ఫిర్యాదు వెళుతుంది. కలిపింది ఒక్కరు కాదు, ఒక్క రాత్రీ కాదు.

ఇక్కడ పట్నంలో కూర్చుని పల్లె రైతును వేలెత్తి చూపే హక్కు మనకుందా? లేదు. మనింటికి మైలున్నర దూరంలో హుస్సేన్‌సాగర్ ఉంది. 1562లో హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువు. 1930 వరకు ఈ నగరం ఆ నీళ్ళు తాగింది. ఇప్పుడు ఎండాకాలంలో ట్యాంక్‌బండ్ మీద నడిచేవాళ్ళు ముక్కు మూసుకుంటారు. ఆ నీటి పచ్చదనానికి పొలాల ఎరువు కారణం కాదు. కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా మోసుకొచ్చిన మన మరుగుదొడ్ల నీళ్ళు, మన బట్టలు ఉతికిన సబ్బు నీళ్ళు కారణం. మూత్రంలో ఉన్నది యూరియానే. బట్టల పొడుల్లో భాస్వరం చాలాకాలం పుష్కలంగా వాడారు. ఒక్క బస్తా కొనకుండానే మనం ఆ చెరువుకు మోతాదు మించి ఎరువు వేశాం.

నాంపల్లి, అబిడ్స్ నీళ్ళు అటు పోవు. అఫ్జల్‌గంజ్ మీదుగా దిగువకు, మూసీ వైపుకు వాలుతాయి. ఒకసారి ఆ దారి వెంట మనసుతో నడవండి. రామగుండం కర్మాగారంలో గాలిలోని నత్రజనిని సహజవాయువుతో కలిపి యూరియా చేస్తారు. ఆ బస్తా చిన్నాయన మడిలో పడుతుంది. దాంట్లో కొంత గింజలోకి చేరుతుంది. ఆ బియ్యం హైదరాబాద్ వస్తుంది, మనం అన్నం వండుకుని తింటాం, మన ఒంట్లోంచి ఆ నత్రజని మోరీలోకి, మూసీలోకి పోతుంది. శుద్ధి కేంద్రాల్లో మురికి తేరుకున్నా నత్రజని, భాస్వరాల్లో చాలా భాగం నీటితోనే కిందికి సాగిపోతుంది. మూసీ దాన్ని మళ్ళీ నల్లగొండ, సూర్యాపేటల వైపే మోసుకెళుతుంది. పీర్జాదిగూడ, పర్వతాపురం దాటాక ఆ నీళ్ళు కట్టిన వరి ఏపుగా ఎదిగి పడిపోతుందని, గింజ తాలు పోతుందని అక్కడి రైతులు ఏళ్ళ తరబడి చెబుతున్నారు. ఎందరో వరి మానేసి పశువుల గడ్డి వేసుకున్నారు. ఇంకా దిగువన సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు, దాని కాలువ కింద చిన్నాయన మడి. ఆ నీళ్ళలోనే ఎంతో కొంత బలం ఉందని తెలియక ఆయన పైన మళ్ళీ నాలుగు బస్తాలు చల్లుతున్నాడు. చివరికంతా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణ నీళ్ళే నాగార్జునసాగర్ జలాశయం నుంచి పైపుల్లో మన కుళాయికి వస్తున్నాయి. అవి వాడపల్లికి ఎగువన తోడుకున్న నీళ్ళు కాబట్టి మనం గండం తప్పించుకున్నాం. దిగువన తాగేవాళ్ళు తప్పించుకోలేదు.

ఒకప్పుడూ ఇలాంటి చక్రమే ఉండేది. తిన్నది పెంటకుప్పకు, పెంటకుప్ప పొలానికి, పొలం మళ్ళీ గంపలోకి. ఆ చక్రం ఊరి పొలిమేర దాటేది కాదు కనుక ఎంత పోసినా ఎక్కువయ్యేది కాదు. "ఇప్పుడు ఇంట్ల గొడ్డు లేదు, పెంట యాడ్నుంచి దెస్త?" అన్నాడు చిన్నాయన. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

నాంపల్లి స్టేషన్‌లో దిగి పది నిమిషాలు నడిస్తే పబ్లిక్ గార్డెన్స్. ఆ తోటలోనే ఉద్యానశాఖ కార్యాలయం, తోటను ఆనుకుని శాసనసభ. ఎదురుగా హాకా భవన్, రైతులకు ఎరువులూ విత్తనాలూ అందించడానికి పుట్టిన సహకార సంఘం పేరు మీద నిలబడిన భవనం. ఇంకాస్త నడిస్తే ఎల్బీ స్టేడియం ఎదురుగా వ్యవసాయశాఖ కమిషనర్ కార్యాలయం. కోటి ఎకరాలకు పైగా వరి పండే రాష్ట్రంలో ఏ జిల్లాకు ఎన్ని టన్నుల యూరియా పోవాలో చెప్పే కాగితాలు ఈ మైలు దూరం లోపలే సంతకాలు పొందుతాయి. మనం రోజూ ఈ దారిలోనే ఆఫీసులకు పోతున్నాం, కోర్టుకు పోతున్నాం, జనవరిలో పిల్లలను నుమాయిష్‌కు తీసుకుపోతున్నాం. అందుకే ఈ మాట ఇక్కడి వాళ్ళతోనే ముందు చెప్పాలనిపించింది.

2025 ఆగస్టులో తెలంగాణ ఊళ్ళలో యూరియా కోసం రైతులు తెల్లవారకముందే బారులు తీరారు. ఎండకు, వానకు నిలబడలేక చెప్పులు, పాస్‌బుక్కులు వరసలో పెట్టి పక్కన కూర్చున్నారు. ఆ ఫొటోలు చూసి మనందరి గుండె కలుక్కుమంది. ఎరువు అందించలేకపోవడం అన్యాయమే, అందులో రెండో మాట లేదు. ఆ వరసలో నిలబడ్డ ఆడవాళ్ళను చూసి 'తక్కువ వాడండి' అని చెప్పే క్రూరత్వం నాకు లేదు. కానీ మనం అడగాల్సిన రెండో ప్రశ్న కూడా అక్కడే ఉంది. ఆ నేలకు అన్ని బస్తాలు ఎందుకు అవసరమయ్యేలా చేశాం?

జవాబులో కొంత ఢిల్లీలో ఉంది. 2010లో భాస్వరం, పొటాష్ ఎరువుల సబ్సిడీని పోషకాల లెక్కకు మార్చి వాటి ధరలు వదిలేశారు. యూరియాను మాత్రం పాత కట్టుబాటు ధరలోనే ఉంచారు. ఇవాళ్టికీ 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. అబిడ్స్‌లో ఒక ప్లేటు బిర్యానీకి అయ్యేంత. పక్కన డీఏపీ బస్తా దానికి ఐదు రెట్లు. రైతు ఏది ఎక్కువ కొంటాడు? 2022-23లో ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్ల రూపాయలు దాటింది. అది మనం కట్టిన పన్ను. అందులో కొంత అన్నమైంది, దానికి దండం. కొంత గాలిలో కలిసి, కొంత చెరువులో నాచుగా తేలింది. అదీ మన డబ్బే. వేపనూనె పూత వేసిన యూరియాను 2015 నుంచి తప్పనిసరి చేశారు, నత్రజని నెమ్మదిగా విడుదలై పైరుకు ఎక్కువ అందుతుందని. మంచి పని. కానీ నెమ్మదిగా కరిగే బస్తాను కూడా నాలుగు వేస్తే లాభమేమిటి?

ఎరువులే మానేద్దామని ఆవేశపడేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో నేను ఏకీభవించను. 2021లో శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రి ఆపేసింది. రైతులు రోడ్డెక్కి, ఆ సంవత్సరం నవంబరులోనే వెనక్కి తగ్గాల్సి వచ్చింది. అయినా వరి, తేయాకు దిగుబడులు పడిపోయాయి. నేల అలవాటు ఒక్క ఉత్తర్వుతో మారదు. యూరియా పాపం కాదు, ఎందరో ఆకలి తీర్చిన పదార్థం. ఆ నాలుగో బస్తా గురించే నా గొడవంతా.

నాలుగో బస్తా దగ్గర మనం దాచుకున్న నిజం ఒకటుంది. దాన్ని మెత్తగా చెప్పలేను. ఈ నగరంలో అపార్ట్‌మెంట్లలో ఉంటున్న మనలో ఎంతమందికి ఊళ్ళో భూమి లేదు? తాతలది కావచ్చు, నాన్న కొన్నది కావచ్చు, మొన్నమొన్న పెట్టుబడిగా కొన్నది కావచ్చు. పట్టాదారు పాస్‌బుక్కు మన బీరువాలో ఉంటుంది. భూమిని కౌలుకిచ్చాం. ఏడాదికొకసారి కౌలు తీసుకుంటాం, కొందరం దాన్ని ముందే తీసుకుంటాం. 2018లో రైతుబంధు పెట్టుబడి సాయం వచ్చాక ఆ డబ్బు పడింది పట్టాదారు ఖాతాలోకే, దున్నే కౌలు రైతు ఖాతాలోకి కాదు. వచ్చే ఏడు ఆ భూమి తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి దాంట్లో పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ ఎందుకు చల్లుతాడు? నలభై ఐదు రోజులు దాన్ని పెంచి కలియదున్నితే వచ్చే బలం ఒక్క పంటతోనే అయిపోదు. ఆ ఫలం ఇంకొకడికి పోతుందని తెలిశాక ఆ పని ఎవరు చేస్తారు? ఏ పంటకు ఆ పంటకే పనికొచ్చేది, ఉద్దెరకు దొరికేది, మూడు రోజుల్లో చేనును నల్లగా చూపించేది ఒక్కటే ఉంది. అది యూరియా. ఒక్క ఏడాది కౌలు రాసి నాలుగో బస్తాను ఆ రైతు నెత్తికెత్తింది మనమే.

నేనూ అందులో ఉన్నాను. మా నాన్న వాటా ఎకరన్నర ఆరేళ్ళు కౌలుకిచ్చాను. ఒక్కసారి కూడా ఆ మట్టి ఎలా ఉందని అడగలేదు. కౌలు ఎప్పుడు పంపుతావని మాత్రం ప్రతి ఉగాదికీ అడిగాను.

కాబట్టి ముందు మన ఇళ్ళ నుంచి మొదలుపెడదాం. కుండీల్లో యూరియా, డీఏపీ గుప్పెళ్ళతో పొయ్యడం ఆపండి. కూరగాయల తొక్కలు, ఎండుటాకులు కుళ్ళబెట్టిన ఎరువు, గుప్పెడు వేపపిండి కుండీకి చాలు. ఇప్పటికే తెల్ల పొర కట్టిన కుండీకి మంచి నీళ్ళు ధారగా పోసి ఉప్పు కడిగేసి, తర్వాత కొన్ని వారాలు ఏమీ వెయ్యకండి. ఈ వీధుల్లో ఉన్న శాసనసభ్యులను, అధికారులను మనం అడగాల్సింది ఇంకా పెద్దది. కౌలు రైతుకు గుర్తింపు ఇవ్వండి. మట్టి పరీక్ష కార్డును కాగితంగా వదిలేయకుండా బస్తాల కేటాయింపుకు దాన్ని ఆధారం చెయ్యండి. మూసీ నీళ్ళలో ఎంత నత్రజని ఉందో కాలువ కింది రైతులకు ప్రతి సీజన్‌కూ ఊరి చావిడి గోడ మీద రాయించండి. తను పెట్టే నీళ్ళలోనే ఎంత బలం ఉందో తెలిస్తే చిన్నాయన వింటాడు. ఆయన్ని నేనెరుగుదును.

పట్టా ఉన్న ప్రతి ఒక్కరికీ నా విన్నపం ఇది. మే నెలలో, వానలు పడకముందు, నాంపల్లిలో రైలెక్కో ఇమ్లీబన్‌లో బస్సెక్కో ఊరికి వెళ్ళండి. కౌలు రైతును వెంటబెట్టుకుని మీ భూమిలో ఎనిమిది, పది చోట్ల 'వీ' ఆకారంలో జానెడు లోతు గుంత తవ్వి, పక్కల మట్టి గీకి తీసి, కలిపి, అందులోంచి అర కిలో పరీక్షకు ఇవ్వండి. జీలుగ విత్తనం ఖర్చు మీరు పెట్టండి. కౌలు కాగితం ఒక్క ఏడాదికి కాకుండా ఐదేళ్ళకు రాయండి. ఆ రైతు చేను ఈసారి పక్కచేనంత నల్లగా లేకపోతే, గట్టు మీద ఆయన పక్కన మీరూ నిలబడండి.